నీళ్ళ సీసాలో బుడగలు

మా పద్మకి ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. ఇంట్లో ఏ గడప ఎంత ఎత్తో, ఏ డబ్బాలో బెల్లం ఉందో నాకంటే దానికే బాగా తెలుసు. దానికి చూపు లేదు. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తున్నాను. బిడ్డ బతుకుతుందా లేదా అని చదివేవాళ్ళని చివరిదాకా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అట్లా కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నన్ను రాయమని ఎవరూ అడగలేదు. పోయిన నెల పెరంబూరులో మా వరస ఇళ్ళల్లోనే ఒకమ్మాయికి నెలలు నిండకుండా బిడ్డ పుట్టింది. ఆ అమ్మాయి తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఆసుపత్రిలో బిడ్డకి ఊపిరి కోసం పెట్టే గాలి తగ్గించేశారు కనకమ్మా. నువ్వు మాటకారివి. ఒకతూరి వచ్చి గట్టిగా అడిగిపెట్టు" అంది. ఆవిడని కూర్చోబెట్టి నాకు జరిగిందంతా చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఆసుపత్రి పేరు మాత్రం రాయను. తప్పు దానిది కాదు.

మాటకారితనం నాకు ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెప్పాలి. జార్జి టౌనులో ఒక ఇరుకు సందులో మా నాయనకి చింతపండు, బెల్లం, పప్పుల కొట్టు. నాకు నడక వచ్చింది గోనెసంచుల మధ్య. నా అక్షరాభ్యాసం పళ్ళెంలో బియ్యం మీద జరిగిందంటారు గానీ, అసలు చదువు త్రాసు ముందే జరిగింది. సరుకు అమ్మేవాడి కన్ను ఎటు పోతోంది, గొంతు ఎక్కడ జారింది, ఏ మాట దగ్గర పట్టుకుంటే లొంగుతాడు, ఇవి పదేళ్ళకే నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో మా ఆయన్ని చూసి, ఈయన బేరానికి పనికిరాడు, ఇక ఇంటికి కావలసిన బేరమంతా నేనే చెయ్యాలి అనుకున్నాను. అదీ నిజమే అయింది. ఆయన రైల్వే వర్క్‌షాపులో స్టోర్సు గుమాస్తా. కాగితం మీద ఎంత రాసుంటే అంత ఇస్తాడు, అంత పుచ్చుకుంటాడు. గుండుసూది కూడా ఇంటికి తెచ్చే మనిషి కాదు. కూరగాయల వాడి దగ్గరికి ఆయన్ని పంపితే వాడు చెప్పిన ధరే ఇచ్చి, పైగా దండం పెట్టి వస్తాడు.

మా కొట్టులో కొసరు అడిగే పద్ధతి ఒకటుంది. దాన్ని ఇక్కడే చెప్పుకోవాలి. తూకం అయిపోయాక గడుసు ఆడవాళ్ళు నోరు తెరిచి అడగరు. పొట్లం కట్టే దారపు ఉండ కోసం మా నాయన పక్కకి తిరుగుతాడు. ఉండ ఎప్పుడూ ఎడమచేతి పక్కనే వేలాడుతుంటుంది, తిరగక్కర్లేదు. అయినా తిరుగుతాడు. ఆ తిరిగినంతసేపట్లో ఆమె చారెడు చింతపండో, చిన్న బెల్లం ముక్కో తీసి పొట్లంలో వేసుకుంటుంది. ఆయన మళ్ళీ ఇటు తిరిగి ఏమీ ఎరగనట్టు దారం చుడతాడు. ఇచ్చినవాడికి ఇచ్చిన పేరు లేదు, పుచ్చుకున్న ఆమెకి అడిగిన చిన్నతనం లేదు. మొహం తిప్పుకోవడం అంటే తీసుకో అని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ దానికి ఇంకో అర్థం ఉందని తెలియదు.

పందొమ్మిది వందల యాభై అయిదు, జూలై

ఏడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం నడుము పట్టేసింది. రుబ్బురోలు దగ్గర కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. సాయంత్రానికి ఆసుపత్రి. దీపాలు పెట్టే వేళకి పద్మ పుట్టింది. ఏడుపు వినపడలేదు. చిన్న పిల్లి తుమ్మినట్టు ఒక చప్పుడు వినపడింది, అంతే. నర్సు మూడు పౌనులకి కాస్త తక్కువని బరువు చెప్పింది. నా బుద్ధి చూడండి, అంత నెత్తురు పోయిన నీరసంలో కూడా లెక్క కట్టాను: వీశెకి అయిదు పలాలు తక్కువ. మా కొట్టులో చిన్న బెల్లం దిమ్మ అంత.

దాన్ని నాకివ్వలేదు. నెలలు నిండని పిల్లలకి వేరే గది. అందులో అద్దపు మూత ఉన్న చెక్క పెట్టెలు. పెట్టెలో దూదిపొరల మధ్య బిడ్డ, అటూ ఇటూ వేడినీళ్ళ సీసాలు. ఒక్కో పెట్టె పక్కన నిలబెట్టిన ఇనప సిలిండరు నుంచి రబ్బరు గొట్టం వచ్చి ఒక నీళ్ళ సీసాలోకి దిగుతుంది. గాలి ఆ నీళ్ళలోంచి బుడబుడమని పైకొచ్చి, ఇంకో గొట్టంలోంచి పెట్టెలోకి పోతుంది. సిలిండరు నెత్తి మీద మీట. మీట తిప్పితే బుడగలు ఎక్కువ, వెనక్కి తిప్పితే తక్కువ.

వరండాలో ఒక పొడుగు బల్ల. తల్లులం అక్కడ కూర్చునేవాళ్ళం. కిటికీలోంచి చూస్తే పెట్టెలో బిడ్డ కనపడదు, దూదే కనపడుతుంది. కనపడేది బుడగల సీసా ఒక్కటే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను బుడగలే చూశాను. ఒకటి తర్వాత ఒకటి. బుడగ లేచిందంటే బిడ్డ బతికుంది. ఎక్కువ లేచాయంటే ఇంకా బాగా బతికుంది. నా లెక్క అంతే. కొలిచి అమ్మే ఇంట్లో పుట్టినదాన్ని, కొలత కనపడితే దాన్నే పట్టుకుంటాను గదా.

నా పక్కన రాయపురం నుంచి వచ్చిన మేరీ అనే అమ్మాయి కూర్చునేది. వాళ్ళాయన రేవులో మూటలు మోస్తాడు. పద్మ పక్క పెట్టెలో ఉన్నవాడు ఆమె కొడుకు. ఆమెకి తెలుగు రాదు, నాకు బజారు అరవం వచ్చు. ఎండుచేపల వాసన వేస్తుందేమోనని ఆమె నాకు దూరంగా జరిగేది, నేను కావాలని దగ్గరికి జరిగేదాన్ని. రెండు రోజులకి ఇద్దరం ఒకే ఆకులో ఇడ్లీలు తిన్నాం. మా ఇంట్లో తెలిస్తే పెద్ద గొడవే. అక్కడ ఎవరికి పట్టింది?

ఆ గది చూసుకునే ఆయా పేరు సెల్లమ్మ. తరాలుగా ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళే. రోజుకి రెండుసార్లు మమ్మల్ని లోపలికి పిలిచేది. చేత్తో పాలు పిండి గిన్నెలో పడితే, ఆవిడ సిరా వేసే గొట్టంలాంటి దాంతో చుక్క చుక్కగా బిడ్డ నోట్లో వేసేది. మొదటిరోజు నా పాలు నాలుగు చుక్కలే వచ్చాయి. సిగ్గుతో ఏడ్చాను.

"ఏడవద్దు మా. ఈ తంగానికి ఎంత పొట్టుంది? నాలుగు సుక్కలంటే దానికి కల్యాణ విందు" అంది సెల్లమ్మ. అరవంలో తంగమంటే బంగారం.

ఆ మాట నాకు ఎన్నాళ్ళో ఆకలి తీర్చింది.

పద్మకి మూడు వారాలు వచ్చేసరికి ఊపిరి అందక ఒళ్ళు నీలం తిరగడం ఆగింది. అప్పుడు డాక్టరమ్మ నన్ను వరండాలో ఒక పక్కకి పిలిచింది. చిన్న వయసు ఆవిడ. గుంటూరు వైపు మాట. చేతిలో ఒక పుస్తకం, మధ్యలో వేలు పెట్టి పట్టుకుంది.

"చూడండి కనకమ్మగారూ. ఇలాంటి పిల్లలకి ఆక్సిజన్ ఎక్కువగా, ఎక్కువ రోజులు ఇస్తే కళ్ళు పాడవుతున్నాయని పై దేశాల్లో డాక్టర్లు ఈమధ్యనే తేల్చారు. ఈ పత్రికలో వేశారు. మీ పాప ఇప్పుడు బాగానే ఊపిరి తీస్తోంది. ఇవాళ్టి నుంచి తగ్గించేస్తాను" అంది.

నేను విన్నది వైద్యం కాదు, కొట్టు మాట. చింతపండు అడుగంటినప్పుడు మా నాయన ఏమనేవాడో తెలుసా? "ఈ కాలంలో పులుపు ఎక్కువ తినకూడదమ్మా, వాతం చేస్తుంది. సగం చాలు" అనేవాడు. సరుకు తక్కువగా ఉన్నప్పుడే సరుకు చెడ్డదవుతుంది. సరే, వీళ్ళ సిలిండర్లు అయిపోవస్తున్నాయి, ధర్మాసుపత్రి గదా, పేదవాళ్ళ బిడ్డల దగ్గర కోత పెడుతున్నారు అనుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో!

"పెద్ద డాక్టరుగారు ఏమన్నారండీ?" అన్నాను.

ఆవిడ కన్ను పుస్తకం మీదికి పోయింది. "ఆయన... ఇంకా కొన్నాళ్ళు చూద్దామంటున్నారు. తగ్గిస్తే పిల్లలు పోతారేమోనని ఆయన భయం."

దొరికింది. అమ్మేవాడికే సరుకు మీద నమ్మకం లేదు. ఇక నేను వదుల్తానా? ముందు పొగిడాను. "మీ చేతి చలవ వల్లే బతికింది తల్లీ" అన్నాను. తర్వాత ఏడ్చాను. ఏడుపు నిజమే, కానీ దాన్ని ఎప్పుడు వదలాలో చూసుకునే వదిలాను. పది రోజులు ఉంచమన్నాను. ఆవిడ కుదరదంది. చివరికి కొంగు దోపుకుని, "అయితే నా బిడ్డని నాకిచ్చెయ్యండి, ఇంటికి తీసుకుపోతాను" అని మెట్ల వైపు నడిచాను. నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తారని నాకు తెలుసు. మూడో అడుగులోనే పిలిచింది.

"వారం. అంతకి మించి ఒక్కరోజు ఉంచను" అంది.

ఆ రోజు సాయంత్రం మా ఆయన వర్క్‌షాపు నుంచి నేరుగా వస్తే జరిగింది చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది.

"డాక్టరమ్మ చదువుకున్నది కదా కనకం. ఆమె చెప్పినట్టు చేద్దాం."

"చదువుకుంది. బిడ్డని కన్నదా?"

"నువ్వు మాత్రం? నీకూ ఇది మొదటిదే కదే."

"మీకేం తెలుస్తుంది? ఎవరేం రాసిస్తే దానికి సంతకం పెట్టే మనిషి మీరు."

ఆయన చెప్పులు వేసుకుని స్టేషను వైపు వెళ్ళిపోయాడు. నేను బేరం గెలిచిన సంతోషంలో ఉన్నాను. ఆ సంతోషం ఎలా ఉందో నాకు ఇంకా గుర్తుంది. అన్నిటికంటే ఎక్కువగా అదే బాధపెడుతుంది.

ఆగస్టు

వారం అవ్వగానే డాక్టరమ్మ మాట ప్రకారం మీట వెనక్కి తిప్పింది. బుడగలు పలచబడ్డాయి. ఒకటి లేచాక ఇంకోటి ఎప్పుడు లేస్తుందా అని నేను ఊపిరి పట్టుకునేదాన్ని. పద్మ మటుకు హాయిగానే పడుకుంది. అది నేను చూడలేదు, సీసాని చూశాను.

మూడో రోజు పొద్దున మేము వచ్చేసరికి పక్క పెట్టె దగ్గర సీసాలో బుడగలు లేవు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. మేరీ లోపలికి పరిగెత్తింది. తర్వాత తెల్లగుడ్డలో చుట్టిన చిన్న మూటతో బయటికొచ్చింది. ఏడవలేదు. బల్ల మీద తన పక్కన ఉన్న గిన్నె తీసి నా చేతిలో పెట్టి, "ఉన్ పిళ్ళైక్కు" అంది, నీ బిడ్డకి అని. పాలు పిండుకునే గిన్నె. కొత్తది.

బిడ్డ పోయాడు గనక బుడగలు ఆపారు. ఆ మాత్రం చంటిపిల్లలకైనా తెలుస్తుంది. నేను దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నాను. బుడగలు ఆపారు, బిడ్డ పోయాడు.

ఆ మధ్యాహ్నం పాల వేళకి సెల్లమ్మ నన్ను లోపలికి పిలిచింది. పద్మ నోట్లో చుక్కలు వేసి, గొట్టం కడుక్కుంటోంది. నా చెయ్యి సిలిండరు మీదికి పోయింది. మీట చల్లగా ఉంది. సెల్లమ్మ తలెత్తింది. నన్ను చూసింది, నా చేతిని చూసింది. నా మొహంలో ఏం కనపడిందో ఏమో. మెల్లగా కిటికీ వైపు తిరిగింది. గొట్టం కడగడం అయిపోయినా అటే తిరిగి నిలబడింది.

మా నాయన దారపు ఉండకోసం తిరిగినట్టే తిరిగింది.

మీట తిప్పాను. చారెడు. బుడగలు గలగలా లేచాయి. ఒళ్ళంతా తేలికపడింది. నేను బయటికి వచ్చేదాకా సెల్లమ్మ ఇటు తిరగలేదు.

డాక్టరమ్మ రోజూ పొద్దున వచ్చేది. మీట చూసి, "ఎవరు తిప్పారిది?" అని సరిచేసి పోయేది. ఎవరో నర్సు పొరపాటనుకునేది. రోజూ మధ్యాహ్నం నేను మళ్ళీ తిప్పేదాన్ని. అట్లా ఎన్ని రోజులో నాకు తెలుసు. లెక్క తప్పేదాన్ని కాదు. పన్నెండు. పదమూడో నాడు గాలి ఇక అక్కర్లేదని తీసేశారు.

సెప్టెంబరు

పద్మ వీశెన్నర బరువుతో ఇంటికొచ్చింది. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే డాక్టరమ్మ దాని బుగ్గ తట్టి నవ్వింది. సెల్లమ్మకి చీర పెడితే తీసుకోలేదు. "బిడ్డకి పాలివ్వు మా, అది చాలు" అంది.

మా నాయన కొట్టుకి తీసుకెళ్ళి చూపించాను. వచ్చినవాళ్ళందరికీ నా బేరం కథ చెప్పాను. డాక్టరమ్మ నన్ను మూడో అడుగులో వెనక్కి పిలవడం, వారం ఒప్పుకోవడం, అభినయంతో సహా. మా నాయన తొడ చరుచుకుని నవ్వాడు. "ఎవురి కూతురనుకుంటివి? యముడి దగ్గర కూడా కొసురు తెచ్చింది!" అన్నాడు. మీట సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నన్ను నేను అడుక్కోలేదు.

మా ఆయన ఆ కథ ఒకసారి విన్నాడు. రెండోసారి మొదలుపెట్టగానే లేచి వెళ్ళిపోయాడు.

యాభై ఆరు, ఫిబ్రవరి

పిల్ల నా మొహం చూడడంలేదని నాకు అనుమానం వచ్చి అప్పటికి నెల దాటింది. నెలలు తక్కువది గదా, అన్నీ ఆలస్యంగా వస్తాయి అని సర్దుకున్నాను. నాకు నేనే సరుకు అమ్ముకున్నాను.

ఒక పొద్దున కొట్టులో పద్మని మా నాయన ఒళ్ళో పడుకోబెట్టాను. వాకిట్లోంచి ఎండ పడుతోంది. ఆయన ఇత్తడి త్రాసు పళ్ళెం ఎత్తి దాని మొహం ముందు ఆడించాడు. పళ్ళెం మీద ఎండ తళతళలాడుతోంది. పద్మ కళ్ళు కదల్లేదు. పళ్ళేన్ని వేలితో మీటాడు. వెంటనే తల అటు తిప్పి నవ్వింది. ఆయన పళ్ళెం చప్పుడు కాకుండా ఇంకో పక్కకి తెచ్చాడు. కదల్లేదు. మళ్ళీ మీటాడు. నవ్వింది. మూడోసారి కూడా చూశాడు, చెల్లని నాణేన్ని రాతి మీద మోగించి చూసినట్టు.

పళ్ళెం కింద పెట్టేశాడు. బేరానికి వచ్చి నిలబడ్డ ఇద్దర్ని, "రేపు రాండి" అని పంపించాడు. కొట్టు పలకలు ఒక్కొక్కటే తెచ్చి గాడిలో పెట్టాడు. మా అమ్మ పోయిన రోజు తప్ప ఆ కొట్టు పట్టపగలు మూసింది నేను చూడలేదు.

"నాయనా, ఏమైంది?" అన్నాను. అడగక్కర్లేదు.

"ఆసుపత్రికి పోదాం పా, కనకం" అన్నాడు. గొంతులో బేరం లేదు.

కంటి డాక్టరు చీకటి గదిలో దీపం వేసి చాలాసేపు చూశాడు. కంటిపాపల వెనక తెల్లటి పొర కట్టేసిందన్నాడు. మందు లేదు, కత్తి లేదు. పుట్టాక ఆక్సిజన్ ఎన్నాళ్ళు పెట్టారు అని అడిగాడు. మా నాయన కబురు పంపితే వచ్చిన మా ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

ఆ తర్వాతి నెలలు మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. అంతకంటే అరుచుకున్నా బాగుండేది. "నేను చెప్పాను గదా" అని మా ఆయన ఒక్కసారి అంటే నేను పది తిరిగి అని, కొంచెం తేలికపడేదాన్ని. ఆయన అనలేదు. అన్నం పెడితే తిన్నాడు. పిల్లని ఎత్తుకుని వాకిట్లో తిప్పాడు.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం, మా నాయన్ని చూసి తిరిగి వస్తూ పెరంబూరు స్టేషనులో దిగాక, అక్కడి బల్ల మీద కూర్చుండిపోయాను. ఆయన కూడా కూర్చున్నాడు. పిల్ల ఆయన భుజం మీద నిద్రపోతోంది. మీట సంగతి చెప్పాను. సెల్లమ్మ కిటికీ వైపు తిరగడం, చారెడు, పన్నెండు రోజులు, అన్నీ. ఆయన వినడం అయ్యాక రెండు బండ్లు వచ్చి పోయాయి.

"ఇంటికి పోదాం. దానికి చలిగాలి తగుల్తుంది" అన్నాడు.

మర్నాడు ఆయన పని నుంచి వచ్చి జేబులోంచి ఒక రేకు డబ్బా తీశాడు. మూత అతికించి ఉంది. ఊపితే గలగలమంది. లోపల ఇనప గుండ్లు.

"ఇది ఎక్కడిదండీ?"

"వర్క్‌షాపులో తుక్కులోది." డబ్బా మూత వేలితో రుద్దుతూ, "అడగలేదు. ఊరికే తెచ్చేశాను" అన్నాడు.

పద్మ పక్కన డబ్బా దొర్లించాడు. అది చప్పుడు వెంట బోర్లా తిరిగింది. మొదటిసారి. మేమిద్దరం గోడకి చెరో పక్క నిలబడి ఏడ్చాం. గుండుసూది తేని మనిషిని దొంగని చేశాను అని నేను అంటే ఆయన నవ్వాడు కూడా. ఆరు నెలల తర్వాత ఆ నవ్వు.

ఆ వారంలోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అదే వరండా, అదే బల్ల, వేరే తల్లులు. నేను చెప్పడం మొదలుపెట్టకముందే పద్మ కళ్ళు చూసి ఆవిడకి అర్థమైంది. గోడకి ఆనుకుంది.

"పెద్దాయన ఊఁ అనలేదని, మీరు ఏడ్చారని వారం ఒప్పుకున్నాను. చదివింది నేను. ఆ వారం నాది" అంది.

"తర్వాతి పన్నెండు రోజులు నావి" అన్నాను. అంతా చెప్పాను.

"మీరు మీట తిప్పుతుంటే ఆయా ఎక్కడుంది?"

"అక్కడ లేదండీ. ఆవిడ చూడకుండా తిప్పాను."

సెల్లమ్మ గడప దగ్గర నిలబడి వింటోంది. లోపలికొచ్చింది. "లేదు మా. నేను చూస్తిని. ఆపాల్సింది. ఈమె మొగం చూడలేక ఆ పక్కకి తిరిగితిని. అమ్మ చెయ్యి గదా, మంచే చేస్తుంది అనుకుంటిని" అంది. చెంగు నోట్లో కుక్కుకుంది.

ముగ్గురం నిలబడి ఎక్కువ వాటా నాదంటే నాదని పోటీపడ్డాం. నా జన్మలో అలాంటి బేరం చూడలేదు. అది తెగలేదు.

"ముందే తగ్గించి ఉంటే చూపు ఉండేదా?" అని అడిగాను.

"ఉండేదేమో."

"బతికేదా?"

"బతికేదేమో. నిజంగా నాకు తెలీదు కనకమ్మగారూ. అసలు ఇవ్వకపోతే మొదటి వారమే పోయేది, అది మాత్రం తెలుసు. మీరు ఎవరికైనా చెబితే ఈ మాట కూడా చెప్పండి. లేకపోతే తల్లులు గాలే వద్దంటారు. కావలసినప్పుడు ఇవ్వాలి, అక్కర్లేనప్పుడు తియ్యాలి. ఎంతన్నది మేమే ఇంకా నేర్చుకుంటున్నాం."

లోపల మీటలకి గుడ్డ చుట్టి గట్టిగా ముడేసి ఉంది. నేను ఈ సంగతి చెప్పడానికి రాకముందే ఎప్పుడో కట్టారట, ఎవరో తిప్పుతున్నారని. ఆ ఎవరో నేనే. ఇప్పుడు రోజుకి ఎంత పెట్టిందీ, ఎందుకు పెట్టిందీ పలక మీద రాస్తున్నారు. సెల్లమ్మ ఆ ఏడే పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ ఇచ్చినదంతా దయే. దాన్ని కొసరుగా తీసుకున్నదాన్ని నేను.

పోయిన నెల వచ్చిన ఆ పెద్దావిడకి ఇదంతా చెప్పి, చివర ఇంతే అన్నాను: "అడగండి. ఎందుకు తగ్గించారో అడగండి, అర్థమయ్యేదాకా అడగండి. సీసాని చూడకండి, బిడ్డ పెదవుల రంగు చూడండి. బేరం మాత్రం ఆడకండి." ఆవిడ లేచి పోతూ పద్మ తల నిమిరింది. చాలాసేపు నిమిరింది. మీట జోలికి పోలేదని తర్వాత తెలిసింది. బిడ్డ క్షేమమట. చూపు సంగతి ఇంకొన్ని నెలలు పోతేగానీ తెలియదు. రోజూ అడగాలనిపిస్తుంది, అడగను.

ఆ రోజుల నుంచీ నేను కొసరు తీసుకోవడం మానేశాను. వ్రతమేమీ కాదు, చెయ్యి రాదు. మా వీధి చివర కూరలమ్మే అవ్వకి ఇది నచ్చదు. తూకం వేశాక గంప సర్దుకుంటున్నట్టు పక్కకి తిరుగుతుంది. నేను సంచి మూతి ముడిచి నిలబడతాను. ఇటు తిరిగి, ఖాళీ చేతులు చూసి, "ఏందిమ్మా, నా సరుకు అంత చేదా?" అని గొణుగుతుంది.

నిన్న పద్మని చంకనేసుకుని వెళ్ళాను. అవ్వ వంకాయలు తూచి, ఎప్పట్లాగే పక్కకి తిరిగింది. నేను కదల్లేదు. పద్మకి అవ్వ తిరిగిన సంగతి తెలియదు. ఎవరు ఎటు తిరిగారో చూసి, చాటుగా అందుకునే విద్య దానికి ఎప్పటికీ రాదు. అది గాలిలోకి చెయ్యి చాచి, వీధంతా వినపడేట్టు అడిగింది:

"అవ్వా, కొసురేదీ?"

అవ్వ గిర్రున ఇటు తిరిగింది. "ఓసి నీ నోరు సల్లగుండ! మీ అమ్మ అడగదు, నువ్వడగతావా? పట్టు, పట్టు" అని కొత్తిమీర పిడికెడు తీసి దాని చేతికి అందించింది.

పద్మ ఆ కట్టలోంచి తడుముకుని రెండు కాడలు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మిగతాది వెనక్కి చాచింది.

"ఇంకా తీసుకోవే తంగం. అంతా నీకే."

"చాలవ్వా" అంది.